ఎద్దులాయన అమ్మిన పచ్చ బండి

కర్నూలు, కడప రెండు జిల్లాలూ కలిపి వెతికినా ఆ రంగు బండి కొన్నవాడు నేనొక్కణ్ణే దొరుకుతాను. గొప్పకే చెప్తున్నా. యాభై నాలుగు లక్షల బండిని మూడున్నర లక్షలు తగ్గించి తెచ్చాను. నాలుగు మ్యాట్లు, బురద రేకులు, మీదు మిక్కిలి ఒక గొడుగు. హైదరాబాదు షోరూములో సేల్స్ మేనేజరు కళ్ళద్దాలు తీసి తుడుచుకొని, మళ్ళీ పెట్టుకొని, "సార్, మీది ఏ వ్యాపారం?" అని అడిగేదాకా వదల్లేదు. అంతకంటే పెద్ద సన్మానం నాకు ఇంతవరకు జరగలేదు.

మా నాయన కర్నూలు పాత బజారులో గోనెసంచులు, మోకులు అమ్మేవాడు. అంగట్లో కూర్చోబెట్టుకొని ఆయన నేర్పినవాటిలో ఒకటి: మిగిలిపోయిన సరుకు చౌకగా వస్తుంటే, ఎందుకు మిగిలిపోయిందో అడిగి కొనాలి. నేను ధర అడిగాను, ఎందుకని అడగలేదు. ఆ బండి ఎనిమిది నెలలుగా వాళ్ళ యార్డులో పడి ఉంది. రంగు పేరు ఇంగ్లీషులో వినసొంపుగానే ఉంది, చూపుకు మాత్రం ఎండిపోతున్న వేపాకు. ఆ రోజు నా కంటికి వేపాకు కనపడలేదు, మూడున్నర లక్షలు కనపడినాయి.

ఇదంతా ఇప్పుడెందుకంటే, మొన్న కర్నూలులో నా టైల్స్ దుకాణానికి పోయే దారిలో, టీ అంగడి పక్కన ఒక శ్రద్ధాంజలి ఫ్లెక్సీ కట్టి ఉంది. ఫోటోలో ముసలాయన చొక్కా గుండీలన్నీ పెట్టుకొని, ఎవరో బలవంతంగా నిలబెట్టినట్టు ఉన్నాడు. ఆయన వృత్తి ఏందో ఫ్లెక్సీ వేసినవానికి తెలిసినట్టుంది, వెనకాల ఒక తెల్ల బండి బొమ్మ అతికించినాడు. ముసలాయన కాళ్ళు బండి చక్రం మీదికి వచ్చినాయి.

ఎద్దులాయన పోయినాడు.

ఆయన అసలు పేరు ఫ్లెక్సీ మీద పెద్ద అక్షరాల్లో ఉంది. బతికుండగా ఆ పేరుతో పిలిచినవాణ్ణి నేను చూడలేదు కాబట్టి ఇక్కడ రాయడం లేదు. పత్తికొండ అవతల పల్లె ఆయనది. వయసులో ఉన్నప్పుడు పశువుల సంతల్లో దళారి. ట్రాక్టర్లొచ్చి ఎద్దులు తగ్గినాక ట్రాక్టర్ల బేరం పట్టుకున్నాడు, తర్వాత జీపులు, చివరికి యాభై అరవై లక్షల బండ్లు. సరుకు మారింది గాని మనిషి సంతలోనే ఉండిపోయినాడు.

బండి చూడ్డానికి వస్తే వెనక నుంచి వచ్చేవాడు కాదు. పక్కగా, దూరంగా ఒక చుట్టు తిరిగి, ముందు దీపాల ఎదుట కాసేపు నిలబడి, అప్పుడు బానెట్ మీద అరచెయ్యి ఆనించేవాడు. "వెనక నుంచి పోతే తన్నదు పెద్దాయనా, ఇది బండి" అని ఎవరో ఎగతాళి చేస్తే, "దీని తన్ను నీకు ఆర్నెల్లకు తెలుస్తాది" అన్నాడంట. డ్రైవింగ్ రాదు. స్టీరింగు ముందు ఎప్పుడూ కూర్చోలేదు. వెనక సీట్లో ఎడమ పక్కన కూర్చొని, చెప్పులు విడిచి కింద పెట్టి, కళ్ళు మూసుకొని, "తోలు" అనేవాడు. రెండు కిలోమీటర్లు పోయినాక కళ్ళు తెరిచి బండికి ఏ రోగముందో చెప్పేవాడు. సగం సార్లు తప్పే. తప్పయినా గొంతు తగ్గేది కాదు.

ధర మాత్రం ఆయన నోట ఎవరూ వినలేదు. భుజం మీది టవాలు తీసి కొనేవాని చెయ్యి, తన చెయ్యి కప్పేవాడు. లోపల వేళ్ళు పట్టుకోవడం, నొక్కడం, అరచేతిలో గీయడం. సంతలో ఎద్దుల బేరాలు అట్లనే జరిగేవి, చుట్టూ నిలబడినవాళ్ళకు అంకె తెలియకుండా. షోరూముల అద్దాల ముందు, ఏసీ గదుల్లో, కాఫీ కప్పుల మధ్యన కూడా ఆయన టవాలే పరిచేవాడు. బేరం కుదిరితే టవాలు దులిపి భుజాన వేసుకుంటాడు. కుదరదనుకుంటే నెత్తికి చుట్టుకుంటాడు. నెత్తికి చుట్టినాక ఇంక దేవుడొచ్చి అడిగినా ఆ బేరం లేదు. కాలేజీ చదువులు చదివిన గ్రానైటు ఓనర్లు ఆ టవాలు కింద చెయ్యి పెట్టి, చక్కిలిగింత పెట్టినట్టు ముఖం చేసుకొని కూర్చోవడం నేను చూసినాను.

రంగుల మీద ఆయనకు ఒక శాస్త్రం ఉండేది. తెలుపు పదిమంది మెచ్చే గిత్త, సంతకు తోలుకపోతే పొద్దు గూకేలోగా అమ్ముడుపోతాది. నలుపును శనివారం ఎవరూ తోలుకపోరు, కాబట్టి వారంలో ఒక రోజు బేరం పోయినట్టే. ఎరుపు పెళ్ళయిన కొత్తలో కొంటారు, బిడ్డ పుట్టినాక అమ్ముతారు. వెండి రంగు అప్పున్నోడి రంగు. ఎందుకని అడిగితే చెప్పలేదు. నాకు తెలిసిన వెండి రంగు బండ్ల ఓనర్లందరినీ మనసులో తలచుకున్నాను. ఆయన మాట నిజమే.

నేను మూడేళ్ళు తిప్పినాక బండి అమ్మాల్సి వచ్చింది. కడపలో రెండో దుకాణానికి మంచి జాగా దొరికింది, నాలుగు రోడ్ల కూడలి, పక్కనే కొత్త ఇండ్లు లేస్తున్నాయి. ఉగాదిలోపు అడ్వాన్సు కట్టకపోతే వేరేవాళ్ళకు ఇస్తానన్నాడు ఓనరు. టైల్స్ అమ్మేవాడికి నాలుగు రోడ్ల కూడలి చేజారితే మళ్ళీ దొరకదు. బండి పోతే ఇంకోటి కొనుక్కోవచ్చు. ఎద్దులాయనకు కబురు పెట్టినాను.

ఆయన వచ్చి ఒక చుట్టు తిరిగినాడు. ఎప్పుడూ లేంది రెండో చుట్టు కూడా తిరిగినాడు.

"ఇది యా రంగప్పా?"

"ఆలివ్ గ్రీన్."

"అంటే?"

"ఆలివ్ అని ఒక కాయ. బయటి దేశాల్లో కాస్తాది."

"తిన్యావా?"

"లేదు."

"తినని కాయ రంగు యాభై లక్షలు పెట్టి కొంటివా శెట్టీ" అన్నాడు. నవ్వలేదు. బానెట్ మీద చెయ్యి ఆనించి, ఎండకు కాలి, తీసేసినాడు.

నాది లాంటిదే తెల్లది, అదే ఏడాది, అదే కిలోమీటర్లు, ఆ నెలలోనే నంద్యాలలో ముప్పై ఏడు లక్షలకు పోయింది. నా పచ్చదానికి ముప్పై, ముప్పైన్నర అంటున్నారు, మహా అయితే ముప్పై రెండు. కర్నూలు బ్రోకర్లు ఫోటో పంపమంటారు, పంపినాక ఫోను ఎత్తరు. ఒకడు మాత్రం మర్యాదగా, "అన్నా, రంగు వేయించి పంపు" అన్నాడు. ఎద్దులాయన రోజూ దుకాణానికి వచ్చి కూర్చునేవాడు. నా బండి సంగతి ఒక మాట, సిమెంటు ధర ఒక మాట. ఆయన అప్పుడు పాత మట్టిమిద్దె పడగొట్టి కొత్త ఇల్లు కట్టుకుంటున్నాడు. గోడలు లేచినాయి, పైన స్లాబు పడాల. "ఎనభై వేలు తక్కువ పడతాండాయి శెట్టీ. నీ బండి పోతే నా మిద్దె లేస్తాది" అనేవాడు. వానాకాలం లోపల స్లాబు వేసుకోవాలని ఆయన తొందర, ఉగాది లోపల అడ్వాన్సు కట్టాలని నా తొందర. ఇద్దరం ఒకే బండి చుట్టూ తిరిగినాము.

అప్పుడొచ్చింది రాయచోటి నుంచి ఫోను. బండి కావాల, ధర చూసుకుందాం, తెచ్చి చూపించండి.

కడప మీదుగా పోయినాము. రాయచోటి బయట ఒక డాబా ముందు ఇద్దరు కుర్రవాళ్ళు నిలబడి ఉన్నారు, ఇస్త్రీ చొక్కాలు, కొత్త చెప్పులు. బండి ఆగీ ఆగకముందే ఒకడు, "శానా బాగుండాదన్నా రంగు. ఈ రంగు కోసమే నెల నుంచి వెతుకుతాండాం" అన్నాడు. మూడేళ్ళలో ఆ రంగును మెచ్చుకున్న మొదటి మనిషి. వాని మీద నాకు తమ్ముడి మీదున్నంత ప్రేమ పుట్టింది.

బానెట్ ఎత్తలేదు. ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో అడగలేదు. టైర్ల వంక చూడలేదు. రెండోవాడు డిక్కీ తెరిచి, వెనక సీట్లు పడుకోబెట్టించి, లోపలికి ఎక్కి వెల్లకిలా పడుకున్నాడు. చేతులు నెత్తి మీదికి చాచి, "సరిపోతాది" అన్నాడు.

ఎద్దులాయన అది చూసినాడు.

"ఏమి వేస్తారప్పా దీంట్లో?"

"టమాటాలు తాతా."

"యాభై లక్షల బండిలో టమాటాలా?"

"ధర బాగుండాది గదా ఇప్పుడు" అని నవ్వినాడు మొదటివాడు. నా వైపు తిరిగి, "నలభై ఒకటి ఇస్తామన్నా. అంతా నగదు, ఇప్పుడే. పేరు మార్పించేది మాత్రం ఒక ఆర్నెల్లు ఆగుదాం. అంతవరకు నీ పేరు మీదే ఉండనీ" అన్నాడు.

నలభై ఒకటి. తెల్లదానికంటే నాలుగు ఎక్కువ. నాకు అర్థం కాలేదని చెప్పను. శేషాచలం అడవుల చుట్టుపక్కల జిల్లాల్లో పుట్టినవాడికెవరికైనా, పొడుగు కొలిచి, అడవి రంగు వెతికి, పేరు మార్చొద్దన్నవాడు ఏమి మోస్తాడో తెలుసు. ఎర్రచందనం దుంగ మీద టమాటా అని రాసి ఉండదు. కానీ వ్యాపారంలో పెరిగినవాడికి ఇంకో విద్య ఉంటుంది, తెలిసినదాన్ని కాసేపు తెలియనట్టు పక్కన పెట్టుకోవడం. నేను పక్కన పెట్టుకొని ఎద్దులాయన వైపు చూసినాను, టవాలు పరుస్తాడని.

ఆయన టవాలు తీసి, దులిపి, నెత్తికి చుట్టుకున్నాడు.

"బండి అమ్మేది లేదప్పా" అన్నాడు వాళ్ళతో. వెనక సీటు లేపి, చెప్పులు విడిచి, ఎడమ పక్కన ఎక్కి కూర్చున్నాడు.

తిరుగు దారిలో బండి నేనే తోలినాను. ఘాట్ దిగినాక అడిగేసినాను.

"బండి నీదా పెద్దాయనా?"

"నాది కాదు. చెయ్యి నాది."

"తొమ్మిది లక్షలు తేడా."

"లెక్క నాకూ వస్తాది శెట్టీ. ఆ పక్క ఒకటి, ఈ పక్క ఒకటి, నూటికి రెండు వచ్చేది నాకు. ఎనభై రెండు వేలు. నా స్లాబు ఆ డాబా కాడ్నే పోయింది."

"మరి?"

"కటికోడు ఎప్పుడూ ధర తగ్గించడప్పా. సంతలో నేను వాన్ని గుర్తుపట్టేది అట్లనే. నోరు తెరిచి పండ్లు చూడడు, సుడి చూడడు, నడిపిచ్చి చూడడు. వానికి బరువొక్కటే కావాల. ఈ నాయాండ్లు పొడుగు చూసినారు, అంతే."

ఒకసారి ఆయన చూసి కూడా చూడనట్టు ఒక జత అమ్మినాడంట. కొన్నవాడు అడిగినంత ఇచ్చినాడు. ఆ ఎద్దుల ఆసామి, దున్నుకునేవాళ్ళకు ఇచ్చినావా అని వారం వారం సంతకొచ్చి అడిగేవాడంట. కోపంగా ఏమీ కాదు, ఊరికే, వాటి బాగు తెలుసుకోవడానికి. "ఏమి చెప్పాల వానికి? బాగుండాయి అని చెప్తాంటి. ఎన్ని వారాలు చెప్తాను? నేనే వేరే సంతకు మారినా."

నేను మారిపోలేదు. మరుసటి రోజు ఆయనకు తెలియకుండా రాయచోటికి ఫోను చేసినాను. "ఇంకో బండి దొరికిందిలేన్నా" అన్నాడు, చాలా మర్యాదగా. ఆ ఇంకో బండి ప్రొద్దుటూరు వ్యాపారిదని తర్వాత తెలిసింది. కొన్ని నెలలకు అది అడవి పక్కన దుంగలతో దొరికింది. తోలినవాళ్ళు దొరకలేదు. కాగితాల మీద పేరున్నవాడు దొరికినాడు. ఆయన ఇప్పటికీ కోర్టు వాయిదాలకు తిరుగుతున్నాడు.

ఉగాది వచ్చింది. బండి పోలేదు. కడప ఓనరు చేతిలో, రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన ఐదు లక్షలు పెట్టి, మిగతాదానికి రెండు నెలలు గడువు అడుక్కున్నాను. అడుక్కునేటప్పుడు కూడా బాడుగలో వెయ్యి తగ్గించమన్నాను, అలవాటు కొద్దీ. తగ్గించలేదు.

గడువు దగ్గర పడినప్పుడు ఎద్దులాయన బనగానపల్లెలో ఒక బేరం పట్టినాడు. భర్తకు మామిడి తోటలు, కాయల వ్యాపారం. భార్య మిషన్ స్కూల్లో ఏండ్ల తరబడి పాఠాలు చెప్పి రిటైరైన టీచరమ్మ. చుట్టుపక్కల పల్లెల్లో చర్చి పనులు చూస్తుందంట. ఇంటి ముందు బండి ఆపగానే ఆమె వచ్చి, చేత్తో దుమ్ము తుడిచి రంగు చూసింది.

"ఈ రంగు ఎందుకు తీసుకున్యారు?" అని నన్నడిగింది.

నేను, నాకు ప్రకృతి అంటే ఇష్టమని ఏదో మొదలుపెట్టినాను.

"తగ్గించి ఇచ్చినారని తీసుకున్యాడమ్మా" అన్నాడు ఎద్దులాయన.

ఆమె నవ్వింది. "మాకు ఇదే మేలు. తెల్ల బండిలో పల్లెకు పోతే ఓట్లకు వచ్చినారనుకుంటారు. మగోళ్ళంతా లేచి నిలబడతారు. అర్జీలు ఇస్తారు. పోయినసారి మా అన్న బండిలో పోతే ఒకామె పింఛను రాలేదని నన్ను తిట్టింది."

మజ్జిగ తాగినాము. బేరానికి కూర్చున్నాము. వచ్చేటప్పుడే ఎద్దులాయన అరచేతిలో నా ఆఖరి ధర నొక్కి చెప్పినాను, ముప్పై రెండు. ముప్పై ఆరు నుంచి దిగుకుంటూ రావాల అనుకున్నాము. ఆయన టవాలు తీసి భర్త వైపు చాచినాడు. భర్త రెండు చేతులూ వెనక్కు పెట్టుకున్నాడు.

"నన్ను అడగొద్దు పెద్దాయనా. దుడ్లు ఆమెవి, బండి ఆమెది."

టీచరమ్మ కుర్చీ ముందుకు జరుపుకొని చెయ్యి చాచింది. "ఎట్ల పట్టుకోవాల చెప్పు, నేర్చుకుంటా."

ఎద్దులాయన ఒక అడుగు వెనక్కు వేసినాడు. జీవితంలో ఎందరెందరివో చేతులు పట్టుకున్న మనిషి. పరాయి ఆడబిడ్డ వేళ్ళు టవాలు కింద పట్టుకోవడం మాత్రం ఆయన శాస్త్రంలో లేదు. ఆమె చెయ్యి అట్లనే గాల్లో ఉంది. ఆయన టవాలు మడిచినాడు, మళ్ళీ విప్పినాడు, మళ్ళీ మడిచి భుజాన వేసుకున్నాడు. గొంతు సవరించుకొని, నేల వైపు చూస్తూ, నా ఎరుకలో మొదటిసారి ఒక ధర నోటితో చెప్పినాడు.

"ముప్పై రెండు."

ముప్పై ఆరు ఏమైంది? ముప్పై అయిదు ఏమైంది? టీచరమ్మ కూడా అదే అనుకున్నట్టుంది.

"తగ్గదా?"

"తగ్గదమ్మా. ఇదే ఆఖరు."

ఆమె ఆయన ముఖం కాసేపు చూసి, "సరే" అని లేచి, లోపలికి పోయి చెక్కు పుస్తకం తెచ్చింది. బేరం అయిపోయింది. నేను ఒక్క మాట మాట్లాడకుండా జరిగిన బేరం నా జీవితంలో అదొక్కటే. కాగితాల మీద సంతకాలు అవుతుంటే ఆమె మామూలుగా, "మేము ముప్పై నాలుగు దాకా అనుకున్యాము" అంది. నేను పెన్ను మూత పెట్టడానికి కొంచెం టైం తీసుకున్నాను.

కర్నూలు బస్సులో పక్కపక్కన కూర్చున్నాము.

"ఆఖరి ధర మొదలే చెప్తారా ఎవరైనా?"

"నోరు తిరగలేదు శెట్టీ. ముప్పై ఆరు అనేది లేని ధర గదా."

"వేళ్ళతో అయితే చెప్పేవాడివి."

"వేళ్ళు ఏమన్నా అంటాయి" అన్నాడు, తన వేళ్ళ వైపు చూసుకుంటూ.

నా దగ్గర నూటికి ఒకటి చొప్పున ముప్పై రెండు వేలు తీసుకున్నాడు. టీచరమ్మ ఇవ్వబోతే వద్దన్నాడు, ధర తానే పారేసినాక ఆమెకు చేసిన పనేముందని. స్లాబు పడలేదు. ఆ వానాకాలానికి రేకులు వేసుకున్నాడు. తర్వాత ఒకటి రెండుసార్లు దుకాణానికి వచ్చి సిమెంటు ధర అడిగి పోయినాడు. నేను కడప దుకాణంలో పడి కర్నూలు రావడం తగ్గింది.

ఫ్లెక్సీ చూసినాక దుకాణంలో కూర్చొని లెక్క వేసినాను. ఇన్నేండ్లూ ఆ బండి రంగు నన్ను ముంచిందనే చెప్పుకుంటూ వచ్చినాను. విడివిడిగా రాస్తే అట్ల లేదు. తెల్లదానికి ముప్పై ఏడు, నా రంగుకు టీచరమ్మ ఇవ్వడానికి సిద్ధపడింది ముప్పై నాలుగు. రంగు వల్ల పోయింది మూడు లక్షలు. కొనేటప్పుడు దానికే తగ్గించుకున్నది మూడున్నర. అంటే రంగు మీద నాకు యాభై వేలు లాభం. ఎద్దులాయన నోటి మీద రెండు లక్షలు నష్టం. ఐదు లక్షలకు రెండు నెలల వడ్డీ ఇరవై వేలు. రాయచోటి డీజిలు, భోజనాలు నాలుగు వేలు. దళారికి నూటికి ఒకటి ఎట్లా అమ్మినా ఇచ్చేదే, అది రాయలేదు. అన్నీ పోను నా చేతి నుంచి పోయింది లక్షా డెబ్బై నాలుగు వేలు. రాయచోటి తొమ్మిది లక్షలు ఇందులో కలపలేదు. అవి నావి కావు.

ఇంకొకటి ఉంది. ఎనభై రెండు వేలు రావాల్సిన చోట ఆయనకు వచ్చింది ముప్పై రెండు. ఆ యాభై వేలు నా బండి మీదే పోయినాయి, కాబట్టి వాటిని వేరేచోట రాయడానికి లేదు. కలిపితే, ఆ బండి మీద మొత్తం నష్టం రెండు లక్షల ఇరవై నాలుగు వేలు.